పాత పికప్ డోర్ ఎత్తి వేయాల్సి వస్తోందా..? అసలు దోషి ఆ వేలెడంత పిన్నే.. హింజ్ రీబిల్డ్ ఎలా చేస్తారంటే..!

ఫోన్‌లో పాత బండ్ల వీడియోలు చూసేవాళ్లకు ఈ సీన్ బాగా తెలుసు. అమెరికాలో ఎక్కడో ఒక పాత షెడ్డు. తలుపు తీస్తే లోపల దుమ్ము కొట్టుకుపోయిన షెవ్రొలే పికప్. నీళ్లు కొట్టి కడుగుతారు, ఇంజిన్ స్టార్ట్ చేస్తారు, పెయింట్ వేస్తారు. చివర్లో తళతళ మెరిసే బండి. కానీ ఆ వీడియోల్లో రెండు సెకన్లు కూడా కనిపించని పని ఒకటుంది. అది చేయకపోతే బండి ఎంత మెరిసినా డోర్ ఒక్క దెబ్బకు పడదు. హ్యాండిల్ పట్టుకుని పైకెత్తి, భుజంతో నెడితే గానీ లాక్ కాదు. ఆ పని పేరే డోర్ హింజ్ రీబిల్డ్.

ఇంటి తలుపుకైతే వీటిని బందులంటాం. తెలంగాణలో కబ్జాలు అనేవాళ్లూ ఉన్నారు. బండి దగ్గరకు వచ్చేసరికి మాత్రం మెకానిక్‌లందరి నోటా హింజే. పేరు ఏదైనా పని ఒక్కటే. రెండు ఇనుప రెక్కలు, వాటిని కలుపుతూ మధ్యలో ఒక పిన్. ఒక రెక్క బాడీ పిల్లర్‌కు, రెండోది డోర్‌కు బిగిస్తారు. డోర్ బరువంతా ఆ పిన్ మీదే.

ఉదాహరణకు 1967 నుంచి 1972 వరకు వచ్చిన షెవ్రొలే సీ10 తీసుకుందాం. అమెరికాలో పాత పికప్ ప్రేమికులు బాగా ఇష్టపడే మోడళ్లలో ఇదొకటి. సీ అంటే టూ వీల్ డ్రైవ్, 10 అంటే హాఫ్ టన్ బండి అని లెక్క. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే కే10. ఇవి షోరూమ్‌లో దాచుకోవడానికి చేసిన బండ్లు కావు. పొలాలకు, కట్టడం పనులకు, సామాన్లు మోయడానికి వాడినవి. రోజుకు పదిసార్లే డోర్ తెరిచి మూశారనుకున్నా 50 ఏళ్లలో లక్షా 80 వేలు దాటుతుంది. పిన్ అరగకపోతేనే ఆశ్చర్యం.

ఒక్క మిల్లీమీటర్ అరిగితే ఏమవుతుందిలే అనుకుంటున్నారా?

ఇక్కడే అసలు కథ ఉంది. లెక్క సులువు కోసం ఒక డోర్ ఊహించుకుందాం. బరువు 40 కిలోలు, వెడల్పు ఒక మీటరు, పై హింజ్‌కు కింది హింజ్‌కు మధ్య దూరం 40 సెంటీమీటర్లు. డోర్ బరువు మధ్యలో, అంటే హింజ్‌కు అరమీటరు దూరంలో పనిచేస్తుంది. అప్పుడు పై హింజ్‌ను డోర్ బయటకు లాగే బలం సుమారు 50 కిలోల బరువుతో సమానం. కింది హింజ్‌ను అంతే బలంతో లోపలికి నొక్కుతుంది. ఇది డోర్ ఊరికే తెరిచి ఉన్నప్పుడే! ఇక ఎవరైనా బండి ఎక్కుతూ డోర్ చివర పట్టుకుని వేలాడి 60 కిలోల బరువు వేశారంటే పై పిన్ మీద అదనంగా పడేది 150 కిలోలు. డ్రైవర్ డోరే ముందు ఎందుకు కుంగుతుందో ఇప్పుడర్థమైందా?

అదే లెక్క అరుగుదలకూ వర్తిస్తుంది. పై హింజ్‌లో ఒక మిల్లీమీటర్ ప్లే వస్తే, లాక్ ఉండే చివర డోర్ రెండున్నర మిల్లీమీటర్లు కిందకు దిగుతుంది. కింది హింజ్ కూడా అంతే అరిగితే 5 మిల్లీమీటర్లు. పాత బండి లాక్‌కు ఇది చాలా ఎక్కువ. డోర్‌లోని లాచ్ వచ్చి పిల్లర్ మీది స్ట్రైకర్‌ను సరిగ్గా పట్టుకోవాల్సింది పోయి, దాన్ని కింద నుంచి గీరుకుంటూ వెళ్తుంది. స్ట్రైకర్ మీద మెరుస్తున్న కొత్త గీతలు కనిపిస్తే అర్థం అదే.

హాఫ్ లాక్.. అసలు ప్రమాదం ఇదే

డోర్ లాచ్‌లకు మామూలుగా రెండు మెట్లుంటాయి. ఒకటి పూర్తి లాక్. రెండోది అరకొరగా పడినా డోర్ వెంటనే ఊడి తెరుచుకోకుండా పట్టుకునే హాఫ్ లాక్. కుంగిన డోర్ చాలాసార్లు ఈ హాఫ్ లాక్ దగ్గరే ఆగిపోతుంది. బయట నుంచి చూస్తే మూసినట్టే ఉంటుంది. కాస్త చప్పుడు, కాస్త గాలి. అంతే.

కానీ రెండింటి బలంలో తేడా చాలా పెద్దది. అమెరికాలో డోర్ లాక్‌లు, హింజ్‌ల కోసం ఉన్న ఫెడరల్ సేఫ్టీ స్టాండర్డ్ 206 ఏం చెబుతుందంటే.. పూర్తి లాక్‌లో ఉన్న లాచ్ పొడవు దిశలో 11,000 న్యూటన్ల బలం తట్టుకోవాలి. హాఫ్ లాక్‌లో తట్టుకోవాల్సింది 4,450 న్యూటన్లే. అంటే సగం కూడా లేదు. హింజ్‌లకూ పొడవు దిశలో అదే 11,000 న్యూటన్ల పరీక్ష ఉంటుంది. పాత బండ్లలో సీటు బెల్టులు నడుముకు మాత్రమే ఉండేవి, అవి కూడా అందరూ పెట్టుకునేవారు కాదు. మలుపులో డోర్ తెరుచుకుంటే మనిషి పరిస్థితి ఏంటో చెప్పక్కర్లేదు. అందుకే 'పాత బండి కదా, డోర్ అలాగే ఉంటుంది' అని సర్దుకుపోవడం సరికాదు.

స్ట్రైకర్ కిందకు దించేస్తే సరిపోతుంది కదా..?

చాలామంది చేసే పని ఇదే. డోర్ కిందకు దిగింది కాబట్టి స్ట్రైకర్‌ను కూడా కిందకు జరిపి బిగించేస్తారు. ఐదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు, డోర్ కూడా పడుతుంది. కానీ పిన్ అరుగుదల ఆగదు కదా. ఆర్నెల్లకో ఏడాదికో మళ్లీ దించాలి. చివరికి స్ట్రైకర్ జరిగే చోటు కూడా అయిపోతుంది. ఈలోగా గుండ్రంగా ఉండాల్సిన హింజ్ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. మొదట్లోనే కొత్త పిన్ వేసుంటే తీరిపోయే పని, తర్వాత లేత్ షాపు దాకా వెళ్తుంది.

ఇంకో పద్ధతి.. డోర్ కింద చెక్క దుంగ పెట్టి, జాకీతో ఎత్తి, హింజ్‌ను వంచడం. బాడీ షాపుల్లో అనుభవం ఉన్నవాళ్లు చిన్న తేడా కోసం ఇలా వంచుతారు, అది వేరే సంగతి. పిన్ అరిగి వదులైన హింజ్‌ను వంచితే మాత్రం వదులు అలాగే ఉంటుంది, హింజ్ ఆకారం మారుతుంది. ఇక పిన్ చుట్టూ వెల్డింగ్ చుక్కలు పెట్టేవాళ్లకు దండం పెట్టాల్సిందే. అది రిపేర్ కాదు, తర్వాత విప్పేవాడికి శిక్ష.

ముందు రోగం ఎక్కడుందో చూడాలి

డోర్ సగం తెరిచి, చివర రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందకీ మెల్లగా ఊపాలి. ఇంకొకరు హింజ్ దగ్గర కూర్చుని టార్చ్ వేసి చూడాలి. కదలిక ఎక్కడొస్తోంది? పిన్‌కు, రెక్కకు మధ్యనా? అయితే పిన్ లేదా బుష్ పోయినట్టు. రెక్క మొత్తం పిల్లర్ మీద కదులుతోందా? అయితే బోల్టులు వదులయ్యాయి. రెక్క, బోల్టులు, వాటి వెనకున్న రేకు అన్నీ కలిసి కదులుతున్నాయా? అప్పుడు పిల్లరే తుప్పు తినేసింది, లేదా చీలింది. ఇదైతే హింజ్ పని కాదు, రేకు పని. పిల్లర్ బాగు చేయకుండా కొత్త హింజ్ వేస్తే డబ్బు నీళ్లలో పోసినట్టే. వేలు జాయింట్ మీద పెట్టి చూస్తే కంటికి కనిపించని కదలిక కూడా తెలుస్తుంది.

సందులు చూసినా విషయం బయటపడుతుంది. డోర్ వెనక చివర కిందకు దిగితే డోర్ పైభాగం వెనక్కి వాలుతుంది. అందుకే ముందు ఫెండర్ పక్కన సందు పైన వెడల్పవుతుంది, వెనక పిల్లర్ పక్కన సందు పైన సన్నబడుతుంది. డోర్ మీదుగా సాగే గీత వెనక బాడీ మీది గీతతో కలవదు.

విప్పే ముందు గుర్తులు పెట్టండి

తొందరపడి బోల్టులు విప్పేస్తే తర్వాత డోర్ సరిచేయడానికి ఒక రోజంతా పోతుంది. ముందుగా హింజ్ రెక్క చుట్టూ సూదిమొన పనిముట్టుతో గీత గీయాలి. ఇంకా పక్కాగా కావాలంటే రెక్కలోంచి పిల్లర్‌లోకి 3 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు వేస్తారు. మళ్లీ బిగించేటప్పుడు అదే సైజు డ్రిల్ బిట్లు ఆ రంధ్రాల్లో దూర్చితే రెక్క సరిగ్గా పాత చోటే కూర్చుంటుంది. అయితే డోర్ ఫ్యాక్టరీ నుంచి ఎలా ఉందో అలాగే ఉంటేనే ఈ పని చేయాలి. ఇదివరకే ఎవరో కెలికిన బండి అయితే తప్పుడు చోటుకే గుర్తు పెట్టినట్టవుతుంది.

తుప్పు పట్టిన బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచితే మంచిది. మొండికేస్తే కాస్త వేడి. డోర్ తీసేటప్పుడు ఇద్దరు మనుషులుండాలి, కింద మెత్తటి గుడ్డ చుట్టిన చెక్కతో జాకీ ఉండాలి. 40 కిలోల డోర్ ఒక్క బోల్టు మీద వేలాడితే అప్పటిదాకా బాగున్న రెక్క కూడా వంగిపోతుంది. డోర్ మొత్తం తీయడం ఇష్టం లేనివాళ్లు జాకీ మీద డోర్ ఆనించి ఒక్కో హింజ్ విడిగా తీసుకుంటారు. ఒక్కరే పని చేసుకునేవాళ్లకు అదే మేలు.

ఇంకో జాగ్రత్త. చాలా జనరల్ మోటార్స్ బండ్లలో తెరిచిన డోర్ ఒకచోట ఆగి నిలబడటానికి హింజ్‌లోనే గట్టి స్ప్రింగ్, దానికో రోలర్ ఉంటాయి. ఆ స్ప్రింగ్ నొక్కి పెట్టి ఉంటుంది. స్క్రూ డ్రైవర్‌తో పొడిచి తీద్దామనుకుంటే ఎగిరి ముఖానికి కొడుతుంది. దాన్ని నొక్కి పట్టే టూల్ దొరుకుతుంది. అది వాడాలి, పైన గుడ్డ కప్పాలి, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి.

పిన్ ఎలా బయటకొస్తుంది?

పిన్ రెండు రెక్కల్లోనూ తిరగదు. తల కింద సన్నని గరుకు గీతలుంటాయి, వాటితో ఒక రెక్కను గట్టిగా పట్టుకుని ఉంటుంది. రెండో రెక్క దాని చుట్టూ తిరుగుతుంది. అరుగుదల అంతా ఈ తిరిగే రెక్కలోనే. అక్కడే బుష్‌లుంటాయి. కొన్ని పాత హింజ్‌లలో బుష్ కూడా ఉండదు, ఇనుము మీద ఇనుమే.

ఒక చివర కొట్టి వెడల్పు చేసిన పిన్ అయితే ముందు ఆ చివరను గ్రైండర్‌తో అరగదీయాలి. తర్వాత హింజ్‌ను వైస్ మీద సరిగ్గా ఆనించి, పంచ్ పెట్టి కొట్టాలి. కింద ఆనింపు లేకుండా కొడితే హింజ్ చెవులు వంగుతాయి. ఇనుప పోత హింజ్ అయితే విరుగుతుంది కూడా. ఎంతకీ కదలకపోతే రెక్కల మధ్య సందులో రంపం పెట్టి పిన్ కోసేసి, ముక్కలు విడిగా కొట్టడమే దారి. పిన్ ఎలాగూ కొత్తది వేస్తాం కాబట్టి దాని మీద జాలి అక్కర్లేదు. హింజ్ మీద చూపించండి.

బయటకొచ్చిన పిన్ చూస్తే విషయం మొత్తం కళ్లకు కడుతుంది. తల దగ్గర గుండ్రంగా, మధ్యలో ఒకవైపు మాత్రమే కొరికేసినట్టు ఉంటుంది. డోర్ ఎప్పుడూ ఒకే దిశలో లాగింది కదా, అరుగుదల కూడా ఒకవైపే. గ్రీజులో కలిసిన దుమ్ము ఈ పనిలో పెద్ద చెయ్యి వేస్తుంది. గ్రీజు, ఇసుక కలిస్తే అది కందెన కాదు, అరగదీసే పేస్టు.

కొలత లేకుండా కిట్ కొనొద్దు

ఇప్పుడు వెర్నియర్ చేతిలోకి తీసుకోవాలి. పిన్‌ను అరగని చోట, అరిగిన చోట కొలవాలి. రంధ్రాన్ని నిలువుగా, అడ్డంగా రెండు వైపులా కొలవాలి. రెండు కొలతలూ ఒకటే అయితే అదృష్టం, కొత్త పిన్, బుష్ కిట్‌తో పని అయిపోతుంది. తేడా ఉంటే రంధ్రం గుడ్డు ఆకారంలో ఉన్నట్టు. అందులో కొత్త బుష్ కొట్టినా నిలవదు.

అసలు కొలత ఎంతుండాలో తెలియకపోతే ఏం చేయాలి? అమెరికాలో డ్రైవర్ ఎడమవైపు కూర్చుంటాడు. పని బండిలో చాలాసార్లు ఒక్కడే ఉంటాడు. కాబట్టి కుడివైపు డోర్ హింజ్‌లు తక్కువ అరిగి ఉంటాయి. ముందు వాటిని కొలిస్తే అసలు సైజుకు దగ్గరి అంకె దొరుకుతుంది.

గుడ్డు ఆకారపు రంధ్రానికి రెండు దారులున్నాయి. ఒకటి, దాన్ని కాస్త పెద్ద సైజుకు గుండ్రంగా చేసి పెద్ద పిన్ వేయడం. రెండోది, ఇంకా పెద్దది చేసి బుష్ దిగేయడం. రెండోదే మేలు. ఎందుకంటే మళ్లీ పాతికేళ్ల తర్వాత అరిగినా బుష్ మారిస్తే చాలు, హింజ్ జోలికి వెళ్లక్కర్లేదు. చేతి డ్రిల్‌తో రంధ్రం పెద్దది చేయడం మాత్రం వద్దే వద్దు. బిట్ ఎటు వదులుంటే అటే పోతుంది, గుడ్డు రంధ్రం పెద్ద గుడ్డు రంధ్రం అవుతుంది. హింజ్‌ను మిల్లింగ్ మెషీన్ మీదో గట్టి డ్రిల్ ప్రెస్ మీదో కదలకుండా బిగించి, పై చెవి, కింది చెవి ఒకే వరసలో వచ్చేలా చేసి, చివర్లో రీమర్‌తో సైజుకు తేవాలి.

అసలు నైపుణ్యం ఈ వరసలోనే ఉంది. ఒక హింజ్‌లోని రెండు రంధ్రాలే కాదు, పై హింజ్ పిన్, కింది హింజ్ పిన్ కూడా ఒకే సరళరేఖ మీదుండాలి. ఇంటి తలుపుకు బందులు వంకరగా కొడితే ఏమవుతుందో తెలుసు కదా, తలుపు మధ్యలో బిగుసుకుంటుంది. బండి డోర్ కూడా అంతే. పైగా ఆ బిగుసుకున్న డోర్‌ను రోజూ బలవంతంగా తిప్పితే కొత్త బుష్‌లు పాతవాటికంటే తొందరగా పోతాయి.

నూనె తాగే లోహం

బుష్‌కు అందరూ మెచ్చే మెటీరియల్ ఆయిల్ నింపిన కంచు. 1930 ప్రాంతంలో క్రైస్లర్ కంపెనీలో పుట్టిన ఆయిలైట్ ఈ రకమే. సుమారు 90 శాతం రాగి, 10 శాతం తగరం పొడులను అచ్చులో నొక్కి, కరగకుండా కాలుస్తారు. దాంతో లోహంలో కంటికి కనిపించని గుల్లలు మిగులుతాయి. ఆ గుల్లల్లో ఆయిల్ నింపుతారు. పిన్ తిరిగి కాస్త వేడెక్కగానే ఆయిల్ బయటకొస్తుంది, చల్లారాక లోపలికి పోతుంది. గ్రీజు పెట్టే నిపుల్ లేని హింజ్‌కు ఇంతకంటే ఏం కావాలి?

అయితే దీనికో ఇబ్బంది ఉంది. వేడి పడదు. హింజ్‌కు వెల్డింగ్ ఉంటే బుష్ వేయకముందే చేయాలి. పౌడర్ కోటింగ్ చేయించినా అంతే. ఆ ఓవెన్ వేడి మామూలుగా 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, బుష్‌లో ఆయిల్ మిగలదు. పైగా పౌడర్ పొర పిన్ రంధ్రంలో పడితే సైజు మారిపోతుంది. అందుకే ముందు కోటింగ్, రంధ్రాలకు అడ్డు పెట్టి. తర్వాతే బుష్.

మన దగ్గర లేత్ షాపులకు ఈ పని కొత్తేం కాదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లారీ కమాన్ కట్టల పిన్ను బుష్‌లు, కింగ్ పిన్ బుష్‌లు చేసే చేతులకు డోర్ హింజ్ చిన్న పనే. గన్ మెటల్ కడ్డీ నుంచి బుష్ తీసిస్తారు. అది కూడా బాగానే పనిచేస్తుంది. కాకపోతే తనలో ఆయిల్ దాచుకోదు, మనమే అప్పుడప్పుడు వేయాలి. మీ ఇంట్లో పాత జీపు, పాత పికప్ ఉండి కిట్ దొరక్కపోతే ఈ దారి ఉందని గుర్తుంచుకోండి. విదేశాల్లో ఉండి ఇలాంటి పాత ట్రక్కు కొనుక్కున్న మనవాళ్లు సైతం ఊళ్లోని మెషీన్ షాపును అడగొచ్చు. పిన్, హింజ్ రెండూ తీసుకెళ్లాలి, ఒక్కటే ఇస్తే ఫిట్టింగ్ కుదరదు.

బుష్ బయటి సైజు రంధ్రం కంటే వెంట్రుకవాసి ఎక్కువుండాలి. లేత్ భాషలో చెప్పాలంటే రెండు థౌ, అంటే సుమారు 0.05 మిల్లీమీటర్. వైస్ దవడల మధ్య పెట్టి నిదానంగా నొక్కితే దిగుతుంది. సుత్తితో కొడితే అంచు నలుగుతుంది. లోపలికి దిగాక బుష్ కాస్త బిగుసుకుంటుంది కాబట్టి దాని రంధ్రం కూడా చిన్నదవుతుంది. పిన్ దూరకపోతే కంగారు పడొద్దు, పదునైన రీమర్ ఒక్కసారి తిప్పితే చాలు. మొద్దుబారిన రీమర్ వాడితే కంచు గుల్లలు పూడుకుపోతాయి, ఆయిల్ బయటకు రాదు. పిన్ వేలితో నెడితే దిగాలి, కానీ ఊపితే కదలకూడదు. అదే సరైన ఫిట్.

కొత్త హింజ్‌లే కొనేస్తే పోదా?

సీ10 లాంటి పేరున్న మోడళ్లకు కొత్తగా తయారైన హింజ్‌లు దొరుకుతాయి. పాతది చీలినా, రేకు పలచబడినా అవే దిక్కు. కానీ పాత హింజ్ గట్టిగా ఉంటే దాన్నే బాగు చేసుకోవడం మంచిదని మా అభిప్రాయం. అది ఆ బండి రంధ్రాలకు, ఆ డోర్ వంపుకు సరిపోయిందని ఇప్పటికే రుజువైంది. కొత్తవాటిలో రంధ్రాల చోటు ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే మళ్లీ డోర్ సందులతో కుస్తీ తప్పదు. కొన్నా సరే, బిగించే ముందు పాతదాన్ని పక్కన పెట్టి పోల్చి చూడండి.

తిరిగి బిగించేటప్పుడు ముందుగా చేయాల్సింది.. స్ట్రైకర్‌ను పూర్తిగా తీసేయడం. కొత్త రబ్బర్ బీడింగ్ కూడా అప్పుడే వేయొద్దు. స్ట్రైకర్ ఉంటే అది డోర్‌ను పైకెత్తి పట్టుకుంటుంది, రబ్బర్ ఉంటే బయటకు నెడుతుంది. అప్పుడు హింజ్ సరిగ్గా ఉందో లేదో తెలియదు. అవి లేకుండా డోర్ తనంతట తాను మూసుకుని, సందులు చుట్టూ ఒకేలా ఉండి, గీతలు కలిస్తేనే బోల్టులు పూర్తిగా బిగించాలి. డోర్‌లో అద్దం, దాని మెకానిజం ముందే వేసి ఉండాలి. ఖాళీ డోర్‌తో సరిచేసి తర్వాత అద్దం వేస్తే ఆ బరువుకు మళ్లీ కొంచెం దిగుతుంది.

ఆ తర్వాతే స్ట్రైకర్. లాచ్ వచ్చి దాని మధ్యలో, పైకీ కిందకీ తగలకుండా పట్టుకునేలా పెట్టాలి. డోర్ నెమ్మదిగా వేసి చెవి పెట్టి వినండి. రెండు క్లిక్‌లు వినిపించాలి. మొదటిది హాఫ్ లాక్, రెండోది పూర్తి లాక్. ఒక్కటే వినిపించిందా? స్ట్రైకర్‌ను ఇంకాస్త బయటకు జరపాలి. కొత్త రబ్బర్ వేశాక ఇదే పరీక్ష మళ్లీ చేయాలి, ఎందుకంటే రెండో క్లిక్‌ను అడ్డుకునేది చాలాసార్లు ఆ రబ్బరే.

నెల రోజులు నడిపాక హింజ్ బోల్టులు ఒకసారి బిగించి చూడండి. బుష్‌కు ఏడాదికి రెండు మూడు సార్లు నాలుగు చుక్కల ఇంజిన్ ఆయిల్ చాలు, కారిన ఆయిల్ తుడిచేయండి. పిల్లలు డోర్ పట్టుకుని ఊగుతుంటే మాత్రం వెంటనే దింపేయండి!